ఒక మనిషి.. రెండు సంతకాలు

‘ఏలియన్’ చూశారా? ‘ట్రాన్’? ‘ది ఫిఫ్త్ ఎలిమెంట్’? పోనీ మియజాకీ తీసిన యానిమేషన్ సినిమా ‘నౌసికా’? హాస్టల్ గదిలో ఒక ల్యాప్‌టాప్ చుట్టూ నలుగురు చేరి చూసే సినిమాలే ఇవి. మొదటి మూడింటికీ బొమ్మలు గీసింది, నాలుగోదాని దర్శకుడి మీద గట్టి ముద్ర వేసింది ఒకే మనిషి. ఆయన హాలీవుడ్‌లో పుట్టి పెరిగినవారు కాదు. కంప్యూటర్ చదువు చదివినవారూ కాదు. పారిస్ పక్కన పుట్టి, చివరిదాకా బొమ్మల కథలు గీస్తూ బతికిన ఫ్రెంచ్ కామిక్ ఆర్టిస్టు. పేరు జాఁ జిరో. ఫ్రెంచ్‌లో అలాగే పలుకుతారు, ‘జీరో’ అని మాత్రం చదవకండి. ప్రపంచానికి ఎక్కువగా తెలిసిన పేరు మోబియస్.

కామిక్స్ గీసే మనిషికి కెరియర్ పేజీలో ఏం పని అంటారా? రెండు కారణాలున్నాయి. ఒకటి, గేమింగ్, యానిమేషన్, వీఎఫ్ఎక్స్ కంపెనీల ఉద్యోగ ప్రకటనల్లో ‘కాన్సెప్ట్ ఆర్టిస్ట్’ అనే పోస్టు మీరు చూసే ఉంటారు. ఇంకా లేని ప్రపంచాన్ని ముందే గీసి పెట్టడం ఆ ఉద్యోగం. తర్వాత వందలమంది ఆ బొమ్మ చూసుకుంటూ దాన్ని కడతారు. ఆ పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే జిరో జీవితం మంచి పాఠం.

రెండోది మీ అందరికీ సంబంధించింది, బొమ్మలు రాకపోయినా సరే. జీతం వచ్చే పని చేయాలా, నచ్చిన పని చేయాలా? క్యాంపస్ ఇంటర్వ్యూలు దగ్గరపడేకొద్దీ ఈ ప్రశ్న నిద్రపోనివ్వదు. ఇంట్లోవాళ్లు ఒకటి చెబుతారు, యూట్యూబ్ వీడియోలు ఇంకోటి చెబుతాయి. జిరో రెండూ చేశారు. ఒకే చేత్తో, రెండు వేర్వేరు సంతకాలతో. దానికి ఆయన కట్టిన మూల్యం కూడా చిన్నదేం కాదు.

మధ్యలో ఆగిన చదువు

జిరో 1938 మే 8న పారిస్ శివారు నొజాఁ సుర్ మార్న్‌లో పుట్టారు. ఆయనకు మూడేళ్లప్పుడే అమ్మానాన్నలు విడిపోయారు. ఎక్కువగా అవ్వాతాతల దగ్గరే పెరిగారు. చుట్టూ రెండో ప్రపంచ యుద్ధం. బొమ్మలు, పుస్తకాలు, ఆ తర్వాత అమెరికన్ కౌబాయ్ సినిమాలు. పిల్లాడి లోకమంతా అదే.

పదహారేళ్లకు, 1954లో, పారిస్‌లోని దుపెర్రే అప్లైడ్ ఆర్ట్స్ స్కూల్లో చేరారు. అక్కడ ఒక క్లాస్‌మేట్ దొరికాడు, జాఁ క్లోద్ మెజియేర్. ఇద్దరికీ కౌబాయ్‌ల పిచ్చి, కామిక్స్ పిచ్చి. తర్వాతి రోజుల్లో ‘వలేరియన్’ అనే అంతరిక్ష కామిక్‌తో మెజియేర్ కూడా పెద్ద పేరు తెచ్చుకున్నారు. ఒకే బెంచీ మీద కూర్చున్న ఈ ఇద్దరూ నలభై ఏళ్ల తర్వాత మళ్లీ ఒకే సినిమాకు పనిచేశారు. అదే ‘ది ఫిఫ్త్ ఎలిమెంట్’. కాలేజీ స్నేహాలను తేలిగ్గా తీసుకోకండి.

జిరో ఆ కోర్సు పూర్తి చేయలేదు. ఆయన తల్లి ఒక మెక్సికన్‌ని పెళ్లి చేసుకుని అక్కడ స్థిరపడ్డారు. 1956లో చదువు వదిలేసి తల్లి దగ్గరికి వెళ్లి ఎనిమిది తొమ్మిది నెలలు ఉండిపోయారు. అక్కడ చూసిన ఎడారి ఆయనను జీవితాంతం వదల్లేదు. కంటికి ఆనినంత మేర ఖాళీ నేల, పైన నీలి ఆకాశం, మధ్యలో చీమంత మనిషి. తర్వాత యాభై ఏళ్లపాటు ఆయన గీసిన గ్రహాల్లో చాలావాటికి ఈ మెక్సికో ఎడారే మూలం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ‘డ్రాపవుట్ గొప్పవాడయ్యాడు’ అనే కథలు మనకు బాగా అలవాటు. దీన్ని ఆ లెక్కలో వేసుకోకండి. జిరో డిప్లొమా వదిలేశారు కానీ నేర్చుకోవడం వదల్లేదు. పద్దెనిమిదేళ్లకే ఆయన చిన్న కౌబాయ్ కామిక్ ఒకటి ‘ఫార్ వెస్ట్’ అనే పత్రికలో అచ్చయింది. పిల్లల పత్రికలకు బొమ్మలు గీసి డబ్బులు సంపాదించేవారు. తర్వాత తప్పనిసరి సైనిక సేవ. 1959-60 మధ్య మొదట జర్మనీలో, ఆ తర్వాత యుద్ధం జరుగుతున్న అల్జీరియాలో ఉన్నారు. అక్కడా సైన్యం నడిపే పత్రికకు బొమ్మలు గీశారు.

తిరిగొచ్చాక చేసిన పని అసలైనది. 1961లో జిజే అనే పేరుతో ప్రసిద్ధుడైన బెల్జియన్ కామిక్ ఆర్టిస్టు దగ్గర సహాయకుడిగా చేరారు. జిజే ‘జెర్రీ స్ప్రింగ్’ అనే కౌబాయ్ సిరీస్ గీసేవారు. ఆయన పెన్సిల్‌తో గీసిన బొమ్మల మీద ఇంకు వేయడం జిరో పని. వినడానికి చిన్న పనే. కానీ గురువు గీసిన ప్రతి గీతను మళ్లీ మన చేత్తో గీస్తుంటే, ఆ గీత అక్కడే ఎందుకు ఆగిందో, నీడ అటే ఎందుకు పడిందో తెలిసిపోతుంది. ఒక సీనియర్ రాసిన కోడ్‌ను లైను లైనూ చదివి బగ్స్ సరిచేసినవాళ్లకు ఈ చదువు ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఆ తర్వాత పాత స్నేహితుడు మెజియేర్‌తో కలిసి అషెత్ ప్రచురణ సంస్థలో నాగరికతల చరిత్ర పుస్తకాలకు బొమ్మలు వేశారు. పాత కాలపు ఇళ్లు, బట్టలు, ఆయుధాలు ఎలా ఉండేవో వెతికి, చూసి, గీయాలి. ఊహించి గీయడం కుదరదు. ఊహాలోకాలకు పేరుపడిన మనిషి చేతికి శిక్షణ దొరికింది ఇలాంటి పనిలోనే.

మొదటి సంతకం: జిర్

1963లో పెద్ద అవకాశం వచ్చింది. ‘పిలోత్’ అనే ఫ్రెంచ్ వారపత్రికలో కొత్త కౌబాయ్ సిరీస్ మొదలుపెట్టాలి. కథ జాఁ మిషెల్ షార్లియే. బొమ్మలకు ముందు జిజేను అడిగారు. ఆయనకు తీరిక లేక శిష్యుడి పేరు చెప్పారు. అలా 1963 అక్టోబర్ 31న ‘ఫోర్ట్ నవాహో’ మొదలైంది. హీరో లెఫ్టినెంట్ బ్లూబెర్రీ, అమెరికన్ అశ్వికదళంలో పనిచేసే పొగరుబోతు. మాట వినడు, పేకాట ఆడతాడు, గడ్డం గీసుకోడు. ముఖం కోసం అప్పటి ఫ్రెంచ్ సినిమా స్టార్ జాఁ పాల్ బెల్మోందోను నమూనాగా తీసుకున్నారు.

ఈ బొమ్మల కింద జిరో వేసిన సంతకం ‘జిర్’.

మొదట్లో ఆ పేజీలు అచ్చం గురువు గీసినట్టే ఉండేవి. జిరో అందుబాటులో లేనప్పుడు కొన్ని పేజీలు జిజేనే గీసిచ్చారు, కథ ఆగకుండా. తర్వాత ఏడాదికేడాది మార్పు కనిపిస్తుంది. బ్రష్‌తో వేసే మందపాటి నీడలు, దుమ్ములో పరుగెత్తే గుర్రాలు, రాళ్ల మీద మధ్యాహ్నపు ఎండ, సెలూన్‌లో ఇరవై మంది ఉంటే ఇరవై రకాల ముఖాలు. షార్లియే స్క్రిప్టులు పుట్టలు పుట్టలుగా ఉండేవి, సంభాషణలు ఎక్కువ, మలుపులు ఎక్కువ. అవన్నీ పేజీలో ఇరికించి, చదివేవాడు తికమక పడకుండా చూడాలి. పైగా ప్రతి వారం గడువు. బాగా రాలేదని పక్కన పెట్టేసే వీల్లేదు.

నన్నడిగితే ఆయన కెరియర్‌లో అందరూ దాటేసే భాగం ఇదే. మోబియస్ అభిమానులు బ్లూబెర్రీని ఉద్యోగమని, మోబియస్‌ను కళ అని విడదీస్తారు. ఆ గుర్రాలను పదేళ్లు గీయకపోతే తర్వాత ఆ ఎగిరే జంతువులు నమ్మేలా వచ్చేవి కావు. బరువు ఎక్కడ పడుతుందో, కాలు ఎక్కడ వంగుతుందో తెలిసిన చెయ్యి అది. మొదటి సంవత్సరంలో ఇంజినీరింగ్ డ్రాయింగ్ షీట్లు తిట్టుకుంటూ గీసినవాళ్లకు ఈ మాట కాస్త ఆలస్యంగానైనా అర్థమవుతుంది.

రెండో సంతకం వెనక లెక్కల సూత్రం

ఒక పని చేయండి. నోట్‌బుక్‌లోంచి పొడవాటి కాగితం ముక్క చింపండి. ఒక చివరను సగం తిప్పు తిప్పి, రెండో చివరకు అంటించండి. ఇప్పుడు పెన్ను ఎత్తకుండా దాని మధ్యలో గీత గీస్తూ వెళ్లండి. మొదలుపెట్టిన చోటికే తిరిగొస్తారు, కానీ ఆపాటికి కాగితానికి ‘రెండు వైపులా’ గీత పడి ఉంటుంది. అంటే దానికి అసలు రెండు వైపులు లేవు, ఉన్నది ఒక్కటే. జర్మన్ గణిత శాస్త్రవేత్త ఆగస్ట్ ఫెర్డినాండ్ మోబియస్ పేరు మీద దీన్ని మోబియస్ పట్టీ అంటారు.

జిరో తన రెండో పేరు ఇక్కణ్నుంచే తీసుకున్నారు. 1963లోనే, బ్లూబెర్రీ మొదలైన రోజుల్లోనే, ‘హరా కిరి’ అనే వ్యంగ్య పత్రికకు కొన్ని చిన్న కథలు మోబియస్ పేరుతో గీశారు. తర్వాత దాన్ని పక్కన పెట్టేశారు. దాదాపు పదేళ్లు ఆ పేరు అలా నిద్రపోయింది. పగలు కౌబాయ్‌లు, వీలున్నప్పుడు సైన్స్ ఫిక్షన్ పుస్తకాలకు అట్టబొమ్మలు.

1973లో చిన్న పేలుడు జరిగింది. ‘పిలోత్’లోనే ‘లా దేవియాసియోఁ’ అనే ఏడు పేజీల కథ వచ్చింది. దారి మళ్లింపు అని అర్థం. ఒక మామూలు కుటుంబం సెలవులకు కారులో బయల్దేరుతుంది, దారి మళ్లి ఏదో వింత లోకంలోకి వెళ్లిపోతుంది. కింద సంతకం ఇంకా జిర్ అనే ఉంది. కానీ గీత మారిపోయింది. బ్రష్ లేదు. సన్నటి పెన్ను, వేల కొద్దీ చుక్కలు, సన్న గీతలు. నిద్రపోతున్న రెండో మనిషి లేచాడు.

కథే లేని కథ

1974 చివర్లో జిరో మరో ముగ్గురితో కలిసి ఒక ప్రచురణ సంస్థ పెట్టారు. ఫిలిప్ ద్రుయే ఆర్టిస్టు, జాఁ పియేర్ దియోనే రచయిత, బెర్నార్ ఫర్కాస్ డబ్బు వ్యవహారాలు చూసేవారు. సంస్థ పేరు ‘లెజ్యుమనోయిద్ అసోసియే’, అంటే మనిషిలాంటి జీవుల సంఘం. ఇప్పటి భాషలో చెప్పాలంటే స్టార్టప్. 1975లో వాళ్ల పత్రిక ‘మెతాల్ యూర్లాఁ’ మొదటి సంచిక వచ్చింది, పేరుకు ‘అరిచే లోహం’ అని అర్థం. పెద్దవాళ్లు చదివే సైన్స్ ఫిక్షన్ కామిక్స్, కావాల్సినంత స్వేచ్ఛ. దాన్ని చూసే అమెరికాలో 1977లో ‘హెవీ మెటల్’ పత్రిక మొదలైంది.

ఆ మొదటి సంచికల్లోనే ‘ఆర్జాక్’ వచ్చింది. పొడవాటి టోపీ పెట్టుకున్న మనిషి, రాక్షసబల్లి లాంటి తెల్లటి పక్షి మీద ఎక్కి వింత నేలల మీదుగా ఎగురుతుంటాడు. ఒక్క మాట ఉండదు. సంభాషణ బుడగలు లేవు, వివరణ లేదు. కథ పేరు స్పెల్లింగ్ కూడా ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, కావాలనే. పేజీలు కొన్నే, కానీ ఒక్కో గడి మీద పెయింటింగ్‌కు పెట్టినంత శ్రమ. నోటినిండా మాటలున్న షార్లియే స్క్రిప్టులతో పన్నెండేళ్లు గడిపిన మనిషి, మొదటి అవకాశం దొరగ్గానే మాటలన్నీ తీసేశారు!

తర్వాత ‘ది ఎయిర్‌టైట్ గరాజ్’. 1976 నుంచి 1979 దాకా పత్రికలో కొన్ని పేజీల చొప్పున వచ్చింది. దీనికి ముందస్తు కథ లేదు. ఒక సంచికలో ఏదో గీస్తారు, తర్వాతి సంచికకు దాన్ని ఎలా కొనసాగించాలో అప్పటికప్పుడు చూసుకుంటారు. కొన్నిసార్లు ముందు భాగానికీ వెనక భాగానికీ సంబంధం ఉందా అని అనుమానం వస్తుంది. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ లేకుండా ప్రొడక్షన్‌లోకి వెళ్లిపోయిన ప్రాజెక్టు అన్నమాట. నిజం చెప్పాలంటే కథగా అది అన్నిచోట్లా నిలబడదు. అయినా వదలకుండా చదివిస్తుంది, ఎందుకంటే తర్వాతి పేజీలో ఏముందో గీసేవాడికే తెలియదన్న సంగతి మనకు తెలుస్తూ ఉంటుంది.

ఇంత స్వేచ్ఛ ఎలా కుదిరింది? ఒక సంగతి గమనించండి. ఆపాటికి ఆయన వయసు ముప్పై ఆరు దాటింది. బ్లూబెర్రీ ఆల్బమ్‌లు ఫ్రాన్స్‌లో బాగా అమ్ముడవుతున్నాయి, జిర్ అంటే ఇంటింటా తెలిసిన పేరు. మోబియస్ తప్పటడుగులు వేసినా ఇంటి అద్దెకు లోటు రాదు. మోబియస్ చేసిన సాహసాలకు పెట్టుబడి పెట్టింది జిర్.

తెర ఎక్కని సినిమా ఇచ్చిన ఉద్యోగాలు

1975లో చిలీలో పుట్టిన దర్శకుడు అలెహాండ్రో జొడొరోవ్‌స్కీ పారిస్‌లో ఒక పెద్ద కల కన్నారు. ఫ్రాంక్ హెర్బర్ట్ నవల ‘డ్యూన్’ను సినిమాగా తీయాలి. అందుకోసం ఎవరూ ఊహించని జట్టును కూడగట్టారు. అంతరిక్ష నౌకలకు బ్రిటిష్ ఆర్టిస్టు క్రిస్ ఫాస్, చీకటి కోటలకు స్విట్జర్లాండ్‌కు చెందిన గీగర్, స్పెషల్ ఎఫెక్టులకు అమెరికన్ కుర్రాడు డాన్ ఓబానన్. స్టోరీబోర్డుకు, పాత్రల దుస్తులకు మోబియస్.

స్టోరీబోర్డు అంటే సినిమాను షాట్ షాట్‌గా ముందే కాగితం మీద గీసుకోవడం. జొడొరోవ్‌స్కీ పక్కన నిలబడి సన్నివేశాన్ని నటిస్తూ చెబుతుంటే మోబియస్ గీసేవారు. దాదాపు 3,000 బొమ్మలు. ఆ వేగం బ్లూబెర్రీ వారపు గడువుల దగ్గర వచ్చిందే. ఆ బొమ్మలన్నీ లావుపాటి పుస్తకంగా అచ్చు వేసి హాలీవుడ్ స్టూడియోలకు పంపారు. అందరూ బాగుందన్నారు, డబ్బు మాత్రం ఎవరూ పెట్టలేదు. ప్రాజెక్టు ఆగిపోయింది.

మీరు నెలల తరబడి చేసిన ప్రాజెక్టు లాంచ్ కాకుండా ఆగిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. రెజ్యూమెలో ఏం రాస్తారు? కానీ తర్వాత జరిగింది చూడండి.

పారిస్‌లో ఖాళీ సమయంలో ఓబానన్ ఒక చిన్న కామిక్ గీసుకున్నాడు. భవిష్యత్తు నగరంలో ఒక ప్రైవేటు డిటెక్టివ్ కథ. అది మోబియస్‌కు చూపిస్తే, నచ్చి తానే మళ్లీ గీస్తానన్నారు. అదే ‘ది లాంగ్ టుమారో’, 1976లో ‘మెతాల్ యూర్లాఁ’లో వచ్చింది. పాతాళంలోకి అంతస్తుల మీద అంతస్తులుగా దిగిపోయే నగరం, మధ్యలో ఎగిరే వాహనాలు, కింద మురికి, జనం, నేరాలు. భవిష్యత్తు అంటే తెల్లగా మెరిసిపోవాలన్న అలవాటును పదహారు పేజీల కథ పక్కకు తోసేసింది. రిడ్లీ స్కాట్ 1982 సినిమా ‘బ్లేడ్ రన్నర్’ రూపం వెనక ఈ పేజీలున్నాయి. ‘న్యూరోమాన్సర్’ నవలతో సైబర్‌పంక్‌కు దారి వేసిన రచయిత విలియం గిబ్సన్ కూడా తన ఊహలోని నగరానికి ఈ పత్రిక బొమ్మలకు రుణపడ్డానని ఒప్పుకున్నారు. మీరు ఈరోజు గేముల్లో చూసే నియాన్ లైట్ల ఇరుకు వీధులకు తాతముత్తాతలు ఎక్కడున్నారో తెలిసింది కదా.

‘డ్యూన్’ ఆగిపోయాక ఓబానన్ చేతిలో డబ్బుల్లేకుండా అమెరికా తిరిగెళ్లాడు. స్నేహితుడి ఇంట్లో తలదాచుకుని ఒక స్క్రిప్టు రాశాడు, అదే ‘ఏలియన్’. పారిస్‌లో పరిచయమైన గీగర్, ఫాస్, మోబియస్ ముగ్గురూ ఆ సినిమాలోకి వచ్చారు. మోబియస్ పనిచేసింది కొద్ది రోజులే, అయినా నోస్ట్రోమో సిబ్బంది వేసుకున్న ఆ బరువైన అంతరిక్ష దుస్తులు ఆయన బొమ్మల్లోంచి వచ్చినవే. ఆగిపోయిన ఒక ప్రాజెక్టు తాలూకు జట్టు, నాలుగేళ్ల తర్వాత మరో సినిమాతో చరిత్రలోకి వెళ్లింది.

‘బ్లేడ్ రన్నర్’కు కూడా రమ్మని రిడ్లీ స్కాట్ అడిగారు. అప్పటికే ఫ్రెంచ్ యానిమేషన్ దర్శకుడు రెనే లలూతో ‘టైమ్ మాస్టర్స్’ సినిమా ఒప్పుకుని ఉండటంతో మోబియస్ కాదన్నారు. ఆ తర్వాత దానికి బాధపడ్డారు కూడా. ఇచ్చిన మాటకు, వచ్చిన పెద్ద ఆఫర్‌కు మధ్య నలిగే సందర్భం మీకూ రావచ్చు. ఆయన మాట నిలబెట్టుకోవడమే సరైన పని అని నా అభిప్రాయం, సినిమా అభిమానిగా మనసు ఒప్పుకోకపోయినా.

ఇంజినీర్లకు ఎక్కువ నచ్చేది 1982 ‘ట్రాన్’. ఒక ప్రోగ్రామర్ కంప్యూటర్ లోపలికి వెళ్లిపోయే కథ. డిస్నీ సినిమా. కంప్యూటర్‌తో గీసిన దృశ్యాలు పావుగంట, ఇరవై నిమిషాల మేర మాత్రమే ఉన్నా, అప్పటికి అది పెద్ద సాహసం. కంప్యూటర్ లోపల ‘ఊరు’ ఎలా ఉంటుంది? అక్కడి మనుషులు ఏం వేసుకుంటారు? ఎవరూ చూడలేదు కదా. సిడ్ మీడ్ లైట్ సైకిళ్లు, ట్యాంకులు డిజైన్ చేస్తే, దుస్తులు, చాలా సెట్లు, కాంతి మీద తేలిపోయే ఆ పల్చటి ఓడ మోబియస్ చేతివి. కంప్యూటర్ గ్రాఫిక్స్ తొలి పెద్ద అడుగుల్లో ఒకటి, ఇంకు, కాగితంతో మొదలైంది.

డబ్బు, హక్కులు, గొడవలు

ఇక ఎవరూ పోస్టర్ మీద వేయని విషయాలు. బ్లూబెర్రీ రాయల్టీల మీద రచయిత షార్లియే, జిరో ఇద్దరికీ ప్రచురణకర్త దార్గోతో గట్టి గొడవ నడిచింది. 1970ల నడిమిలో కథ సరిగ్గా ఉత్కంఠ దగ్గర ఆగిపోయింది. పాఠకులు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 1979లోగానీ బ్లూబెర్రీ మళ్లీ రాలేదు. అది కూడా మోబియస్ ఇంట్లో, అంటే ‘మెతాల్ యూర్లాఁ’లో!

1980లో జొడొరోవ్‌స్కీ రాతతో ‘ది ఇన్‌కల్’ మొదలైంది. జాన్ డిఫూల్ అనే పనికిమాలిన డిటెక్టివ్ చేతిలో విశ్వాన్ని శాసించే వస్తువు పడుతుంది. 1988 దాకా ఆరు భాగాలు. ‘డ్యూన్’ కోసం పుట్టి మిగిలిపోయిన ఆలోచనలు చాలావరకు ఇందులోకి వచ్చి చేరాయి. తర్వాత ‘ది ఫిఫ్త్ ఎలిమెంట్’ ఇన్‌కల్‌కు కాపీ అంటూ కోర్టుకెళ్లారు, ఓడిపోయారు. తమాషా ఏంటంటే ఆ సినిమాకు మోబియస్ స్వయంగా డబ్బు తీసుకుని డిజైన్లు చేసినవారే. పోలిక కంటికి కనిపించడం వేరు, కోర్టులో నిలబడటం వేరు.

మీరు ఏ క్రియేటివ్ ఉద్యోగంలో చేరినా, కోడ్ రాసే ఉద్యోగమైనా, ఆఫర్ లెటర్‌లో హక్కుల పేరా చదవండి. మన కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా మీరు చేసిన పనికి మొదటి హక్కుదారు మీ యాజమాన్యమే. జీతం ఎంత అని అడిగినంత మామూలుగా దీని గురించీ అడగొచ్చు.

1980ల మొదట్లో ఆయన జీవితం ఇంకో మలుపు తిరిగింది. ఒక ఆధ్యాత్మిక బృందంతో కలిసి, కుటుంబంతో సహా తాహితీ దీవికి వెళ్లిపోయారు. తర్వాత కాలిఫోర్నియా. ఆ బృందం సంగతి నాకంత రుచించదు, కానీ ఆ రోజుల్లోనే ఆయన గీత తేలికపడింది, చుక్కలు తగ్గి పేజీలోకి వెలుతురు వచ్చింది. 1983లో కార్ల కంపెనీ సిట్రోయెన్ ఒక ప్రచార పుస్తకం కోసం కథ అడిగింది. పాత కారులో తిరిగే ఇద్దరు అంతరిక్ష మెకానిక్కులను గీసిచ్చారు. అక్కడితో అయిపోవాల్సిన పని అది. ఆయన ఆ ఇద్దరినీ వదల్లేక ‘ఈడెనా’ అనే పెద్ద సిరీస్‌గా పెంచారు. క్లయింట్ ఇచ్చిన బ్రీఫ్‌లోంచి సొంత ప్రపంచం పుట్టించడం అంటే ఇదే.

అమెరికాలో ఉండగా మార్వెల్ కోసం స్టాన్ లీతో కలిసి ‘సిల్వర్ సర్ఫర్’ కథ ఒకటి గీశారు. దానికి 1989లో ఐస్నర్ అవార్డు వచ్చింది. ఫ్రాన్స్ అప్పటికే 1981లో అంగులేమ్ పండుగలో గ్రాండ్ ప్రీ ఇచ్చేసింది. 1988లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ల కూడా వేసింది.

షార్లియే 1989లో చనిపోయారు. తర్వాత బ్లూబెర్రీ కథలు కూడా జిరోనే రాశారు, 2005 దాకా. మొత్తం 28 ఆల్బమ్‌లు. ప్రపంచమంతా మోబియస్‌ను పొగుడుతున్నా జిర్ తన పని మానలేదు. పైగా ఒకవైపు నేర్చుకున్నది రెండోవైపుకు వెళ్తూనే ఉంది. చివరి బ్లూబెర్రీల్లో ఎడారి మోబియస్ ఎడారిలా ఉంటుంది, మోబియస్ గ్రహాల మీద నడిచేవాళ్లు కౌబాయ్‌ల్లా నడుస్తారు. ఇందాక గీత గీసిన ఆ కాగితం పట్టీ మీ దగ్గరే ఉంటే ఓసారి చూడండి.

పెద్ద వయసులో కూడా అన్నీ సాఫీగా లేవు. గంజాయి అలవాటు చాలా ఏళ్లు ఉండేది. దాన్ని మానేయాలని అరవై దాటాక నిర్ణయించుకున్నారు. మానేటప్పుడు తన స్థితిని తానే చిన్న నోట్‌బుక్కుల్లో బొమ్మలుగా గీసుకుంటూ పోయారు. అది ‘ఇన్‌సైడ్ మోబియస్’ పేరుతో ఆరు భాగాలైంది. అందులో ముసలి జిరో, కుర్ర జిరో, బ్లూబెర్రీ, ఆర్జాక్, అందరూ ఒక ఎడారిలో కలిసి వాదించుకుంటారు. దేశం గౌరవించే మనిషి తన మీద తానే జోకులు వేసుకుంటూ గీసిన ఆ పేజీలు, ఆయన పనిలో నాకు చాలా ఇష్టమైనవి.

సముద్రానికి అవతల

జపాన్‌లో హయావో మియజాకీ ‘ఆర్జాక్’ను చూసి ముగ్ధులయ్యారు. ‘నౌసికా’ కామిక్‌లోనూ, 1984 సినిమాలోనూ ఆ ప్రభావం ఉందని ఆయనే దాచకుండా చెప్పారు. ఎడారి గాలిలో తేలియాడే ఆ అమ్మాయిని చూస్తే మీకే తెలుస్తుంది. అభిమానం ఇటువైపు నుంచీ అంతే. జిరో తన కూతురికి నౌసికా అని పేరు పెట్టుకున్నారు! ఇద్దరి బొమ్మలతో పారిస్‌లో 2004 డిసెంబర్ నుంచి 2005 ఏప్రిల్ దాకా ఒకే ప్రదర్శన జరిగింది. ఫ్రెంచ్ రాని జపనీయుడు, జపనీస్ రాని ఫ్రెంచివాడు బొమ్మలతోనే ఇంత దూరం మాట్లాడుకున్నారు.

2010లో పారిస్ కార్టియే ఫౌండేషన్ ఆయన పని మొత్తాన్ని పెద్ద ప్రదర్శనగా పెట్టింది. 2012 మార్చి 10న, 73 ఏళ్ల వయసులో, క్యాన్సర్‌తో కన్నుమూశారు. మోంపర్నాస్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

మీకు చూడాలనిపిస్తే ఒక క్రమం చెబుతాను. ముందు ‘ఆర్జాక్’. మాటలే లేవు కాబట్టి ఏ భాషలో ప్రచురించినా ఒకటే. తర్వాత ‘ఇన్‌కల్’, ఇంగ్లిష్ అనువాదం దొరుకుతుంది. బ్లూబెర్రీని మాత్రం వరసగా చదవండి, మొదటి ఆల్బమ్ నుంచి. పన్నెండేళ్లలో ఒక చెయ్యి ఎలా ఎదిగిందో పేజీ పేజీకీ కనిపిస్తుంది. మొదటి ఆల్బమ్‌లో గుర్రాలు అంత గొప్పగా ఉండవు.